రంగు కంటే ముందు పట్టు

శ్రీకాళహస్తి

చి. మాధవికి,

నీ ఉత్తరం చేరింది. చదువయ్యాక ఇక్కడికొచ్చి కలంకారీ నేర్చుకుంటానన్నావు, చాలా సంతోషం. ఏ చెట్టు నుంచి ఏ రంగు వస్తుందో రాయమన్నావు. అంతకంటే ముందు తెలియాల్సింది ఒకటుంది తల్లీ. రంగు తీయడం తేలిక, గుడ్డకు పట్టించడమే విద్య. బీట్‌రూట్ ఉడికిస్తే కళ్లు చెదిరే ఎరుపు వస్తుంది, కానీ ఉతికితే పోతుంది. పసుపుకొమ్ము రంగు ఎండకు ఆగదు.

అందుకే మన పని కరక్కాయతో మొదలవుతుంది. గంజి పోయేలా ఉతికిన నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పచ్చి గేదెపాలలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరేస్తాం. కరక్కాయలోని వగరు రంగును పట్టి ఉంచుతుంది. పాలలోని కొవ్వు గీతను పక్కకు పాకనివ్వదు. నలుపు కోసం బెల్లం నీళ్లలో తుప్పు పట్టిన ఇనప ముక్కలు వేసి రెండు మూడు వారాలు ఊరబెడతాం. ఆ నీటితో గీసిన గీత, గుడ్డలోని వగరుతో కలిసి నల్లబడుతుంది. ఇనుము మితిమీరితే మాత్రం ఏళ్లు గడిచాక గుడ్డ ఆ గీతల వెంబడే చిరుగుతుంది.

ఎరుపుకు పటిక కావాలి. ఎరుపు రావాల్సినచోట పటిక నీళ్లు పూసి, బాగా ఆరనిచ్చి, పారే నీటిలో జాడించి, మంజిష్ఠ వేసి ఉడికిస్తాం. పటిక ఉన్నచోటే ఎరుపు గట్టిగా నిలుస్తుంది. నిలవ నీటిలో జాడిస్తే, వదిలిన పటిక పక్కన అంటుకుని అక్కడా మచ్చలు తేలతాయి. ఈ పనికి స్వర్ణముఖి నది ఒడ్డు ఎందుకు అవసరమైందో దీన్నిబట్టే తెలుస్తుంది. మంజిష్ఠను ఇనప పాత్రలో ఉడికించకు, ఎరుపు మసకబారుతుంది.

దానిమ్మ తొక్క, కరక పువ్వు పసుపునిస్తాయి. నీలిమందుకు పటికతో పని లేదు. తొట్టిలోంచి తీసినప్పుడు పచ్చగా ఉన్న గుడ్డ గాలి తగిలాక నీలమవుతుంది.

బొమ్మలకు రాతి రంగులు కూడా నూరాలని ఉందన్నావు. ప్రకృతిలో దొరికినదల్లా మంచిదే అనుకోకు. హరిదళంలో ఆర్సెనిక్, ఇంగిలీకంలో పాదరసం ఉన్నాయి. పాతకాలపు చిత్రకారులు వాడారని నువ్వు వాటి జోలికి వెళ్లకు. ఎర్రమన్ను, సుద్దలతో మొదలుపెట్టు.

ఏ బావి నీరు, ఎంత పటిక, ఎన్నాళ్లు ఆరింది అన్నీ పుస్తకంలో రాసుకో. నీరు మారితే రంగు మారుతుంది. రేపు అమ్మేటప్పుడు రసాయన రంగు కలిపి ఉంటే కలిపానని చెప్పు. కొన్నవాళ్ల నమ్మకం మీదే ఈ పని బతుకుతోంది.

వచ్చేలోగా కలం పట్టకు. నాలుగు మూరల తెల్లగుడ్డకు కరక్కాయ పెట్టి, ఎక్కడా మరక లేకుండా ఆరబెట్టి తీసుకురా. మిగతాది నేను నేర్పుతాను.

మీ అత్తయ్య