గురువు పాదములయొద్ద

ధ్యాన భాగములు: మార్కు 3:13–15; యోహాను 13:1–17



హైదరాబాదు పాతబస్తీలో చార్మినారుకు సమీపమున హుస్సేనీ ఆలం అను పేట గలదు. మొహర్రం నెలలో ఇమాం హుసేను పేరట నిలుపు ఆలమును ఆ పేరు తలపించును. మన పల్లెలలో దానినే పీర్ల పండుగ యందుము. పీర్లను ఎత్తుకొను వారిలో హిందువులును ఉందురు. ఇట్టి ఇరుగుపొరుగు నడుమ కాపురముండు మనము, వారియొద్ద నేర్చుకొనదగినది ఏమియు లేదని తలంచుట తగునా?

17వ శతాబ్దమున కడప సీమలోని కందిమల్లాయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మముగారుండిరి. ఆయన ముఖ్య శిష్యుడైన సిద్దయ్య మహమ్మదీయుల యింట పుట్టినవాడు. గురువు ఎంత కఠినముగా పరీక్షించినను అతడు వెనుదీయలేదని మన ప్రాంతమున కథలుగా చెప్పుకొందురు. ఉపనిషత్తు అను మాటకే దగ్గర కూర్చుండుట అని అర్థము. కఠోపనిషత్తులో నచికేతుడను బాలుడు యముని వాకిట మూడు రాత్రులు అన్నము లేక వేచియుండెను. సంపదలిచ్చెదనన్నను వలదని, మరణమునకు తరువాతి సంగతినే తెలుపుమని అడిగెను.

మన సంగతి యేమి? బాప్తిస్మము పొందితిమి గనుక శిష్యులమే యనుకొందుము. కాని ప్రసంగము ముగియకముందే మన మనస్సు ఎడ్లమీదికిని బాకీలమీదికిని పోవును. ప్రభువు పన్నెండుమందిని ఏర్పరచుకొన్నది మొదట తనతో కూడ ఉండుటకే, పంపుట తరువాతిది. ఈ మాట వ్రాయుచు మేము మమ్మునే ప్రశ్నించుకొనుచున్నాము.

అయితే ఒక భేదము గలదు. శిష్యుడు గురువును వెదకిపోయి, ఆయన పాదములు కడిగి, దక్షిణ యిచ్చుట మన దేశాచారము. మన గురువు తానే వలలయొద్దకును సుంకపు మెట్టునొద్దకును వచ్చి పిలిచెను. తానే తువాలు కట్టుకొని శిష్యుల పాదములు కడిగెను. తన్ను అప్పగింపబోవువాని పాదములనుకూడ విడువలేదు. దక్షిణయు సిలువమీద తానే చెల్లించెను.

ఇది మనము గర్వించుటకు కాదు. వంగిన గురువునకు తలయెత్తుకొని తిరుగు శిష్యుడు తగునా? బ్రాహ్మణ కుటుంబమున పుట్టిన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) క్రీస్తును వెంబడించినప్పుడు, ఈ దేశపు రాగతాళములను పారవేయక వాటితోనే కీర్తనలు కట్టిరి. అవి నేటికిని మన ఆరాధనలలో పాడుచున్నాము. కావున పొరుగువారియొద్ద ఓర్పుతో కూర్చుండుట నేర్చుకొందము; వారు మనయందు వంగి సేవచేయుట చూతురు గాక.

ఆలోచించుడి:
1. ఈ వారము ప్రభువు పాదములయొద్ద ఎంతసేపు కూర్చుంటిమి?
2. మన వీథిలో మనము చిన్నచూపు చూచినవారెవరు? వారికి ఏ సేవ చేయగలము?

ప్రార్థన: మా పాదములు కడిగిన గురువా, మాకు వంగుట నేర్పుము. ఆమేన్.