ఒక్క అక్షరం తేడా



అంబాసిడర్ కారు మీకు గుర్తుందా? పెళ్లికొడుకును ఊరేగించిన కారు. కలెక్టరుగారు ఊళ్లోకి వచ్చిన కారు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో అది తయారయ్యేది. 2014లో తయారీ ఆగిపోయింది.

ఇలా ఆగిపోయిన పాత కార్లు ప్రపంచంలో ఎన్నో ఉన్నాయి. కార్లు పోయినా వాటి మీద మమకారం పోలేదు. పాత కారు కొని దాచుకోవడం అందరి వల్లా అవుతుందా? కాదు. అందుకే కొందరు అచ్చం అలాంటి చిన్న కారును చేసుకుంటారు. ఇది పిల్లల ఆట కాదు. పెద్దవాళ్లే ఓపికగా కూర్చుని అతికిస్తారు. రంగు వేస్తారు. ఆ పని ఎలా చేస్తారో చదువుదాం.

పెట్టెలో ఏముంది?

జపాన్ దేశంలో షిజుఓకా అనే ఊరు ఉంది. ప్లాస్టిక్ నమూనాల తయారీకి అది పేరు పొందింది. టమియా కంపెనీ అక్కడిదే. 1946లో కలప కోసే మిల్లుగా అది మొదలయింది. తరువాత చెక్క నమూనాలు చేసింది. 1960 నుంచి ప్లాస్టిక్ నమూనాలు చేస్తోంది.

ఆ కంపెనీ చేసిన నమూనాల్లో 'బీటిల్' కారు ఒకటి. అసలు బీటిల్ జర్మనీ దేశపు కారు. దాని వీపు తాబేలు వీపులా గుండ్రంగా ఉంటుంది. అలాంటి కార్లు 2 కోట్లకు పైగా తయారయ్యాయి. చివరిది 2003లో మెక్సికో దేశంలో తయారయింది.

పెట్టె తెరిస్తే కారు కనిపించదు. ముక్కలు కనిపిస్తాయి. అవి ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని ఉంటాయి. ప్రతి ముక్కకూ ఒక అంకె ఉంటుంది. లోపల ఒక కాగితం ఉంటుంది. ఏ అంకె ముక్కను ఎక్కడ అతికించాలో, ఏ రంగు వేయాలో అందులో ఉంటుంది. పక్కన కూర్చుని నేర్పేవాళ్లు ఎవరూ ఉండరు. ఆ కాగితమే గురువు.

24వ వంతు

పెట్టె మీద 1/24 అని రాసి ఉంటుంది. అంటే ఏమిటి? అసలు కారులో 24 అంగుళాలు ఉన్నది, చిన్న కారులో 1 అంగుళం ఉంటుంది.

లెక్క చూద్దాం. అసలు బీటిల్ పొడవు సుమారు 408 సెంటీమీటర్లు. దాన్ని 24తో భాగిస్తే 17 వస్తుంది. చిన్న కారు పొడవు 17 సెంటీమీటర్లు. జానెడు కూడా లేదు! తలుపు, దీపం, చక్రం, అన్నీ అదే లెక్కలో చిన్నవవుతాయి.

కాని ఒకటి మాత్రం తనంతట తాను తగ్గదు. అది రంగు మందం. ఇంటి గోడకు వేసినట్టు దట్టంగా వేస్తే, తలుపు చుట్టూ ఉన్న సన్నని గీత పూడిపోతుంది. కారు మైనపు ముద్దలా కనిపిస్తుంది. రంగును పలచన చేయాల్సింది మన చెయ్యే.

రంగుకు ముందు పని

కొండపల్లి బొమ్మ చేసేవారిని చూడండి. పొణికి కర్రను చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ముక్కలు అతికిస్తారు. దాని మీద సున్నం పూత వేస్తారు. ఆ తరువాతే రంగు. చిన్న కారుకూ వరుస ఇదే.

1. ముక్కలను చేత్తో తిప్పి విరవకూడదు. చిన్న కటింగ్ ప్లయరుతో కత్తిరించాలి.

2. సబ్బు నీళ్లలో కడగాలి. అచ్చులోంచి వచ్చిన జిడ్డు ఉంటే రంగు పట్టదు. కడిగాక బాగా ఆరనివ్వాలి.

3. అచ్చు గీతలను సన్నని గరుకు కాగితంతో నునుపు చేయాలి.

4. ప్రైమర్ అనే అడుగు పూత వేయాలి. దీనివల్ల పై రంగు గట్టిగా పట్టుకుంటుంది. కంటికి కనబడని గీతలు కూడా ఇప్పుడు బయట పడతాయి. మళ్లీ నునుపు చేయాలి.

5. రంగును పలచగా రెండు మూడు సార్లు వేయాలి. ఒక పూత ఆరాకే ఇంకొకటి. వాన ముసురులో స్ప్రే రంగు వేయకూడదు. గాలిలో తడికి రంగు తెల్లగా మసకబారుతుంది.

6. చివర చిన్న పనులు. తలుపు గీతలోకి పలచని నల్లరంగు పాకిస్తే గీత లోతుగా కనిపిస్తుంది. అద్దాలకు సూపర్ గ్లూ వాడకూడదు. దాని ఆవిరికి అద్దం తెల్లబడుతుంది.

ఒక్క అక్షరం

టమియా రంగు సీసాల మీద ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. 'ఎక్స్-1' అంటే మెరిసే నలుపు. 'ఎక్స్‌ఎఫ్-1' అంటే మెరుపు లేని నలుపు. రెండూ నలుపే. తేడా ఒక్క అక్షరం. టైరు రబ్బరుది. దానికి మెరుపు ఉండదు. ఆ ఒక్క అక్షరం చూడకుండా ఎక్స్-1 పూస్తే, టైరు నూనె రాసినట్టు మెరుస్తుంది.

టైరు మెరిస్తే పోయేది పెద్దగా లేదు. మళ్లీ పూయవచ్చు. కాని అదే సీసా మీద ఇంకో మాట ఉంటుంది. దాన్ని చదవకపోతే ప్రాణానికే ముప్పు.

డబ్బా మీద హెచ్చరిక

చాలా రంగుల్లో, థిన్నర్‌లో నిప్పంటుకునే ద్రవం ఉంటుంది. దాని ఆవిరి పీలిస్తే తల తిరుగుతుంది. అందుకే కిటికీలు తెరవాలి. పొయ్యి దగ్గర పని పెట్టుకోకూడదు. పిల్లలను, గర్భిణులను దూరంగా ఉంచాలి. మూతికి కొంగు కట్టుకుంటే చాలు అనుకోవద్దు. కొంగు దుమ్మును కొంత ఆపుతుంది. ఆవిరిని ఆపదు.

మిగిలిన థిన్నర్‌ను కూల్‌డ్రింకు సీసాలో పోయకండి. సీసా మారితే దాని మీద పేరు పోతుంది, హెచ్చరిక పోతుంది. దాహం వేసిన పిల్లవాడికి అది మంచినీళ్లలాగే కనిపిస్తుంది.

రంగులో సీసం అనే లోహం ఉంటే మరీ ప్రమాదం. అది పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 10 లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదని మన దేశంలో 2016లో నియమం చేశారు. అది 2017 నవంబరు నుంచి అమలయింది. డబ్బా మీద ఆ మాట ఉందో లేదో చూడండి.

14 ఏళ్ల లోపు పిల్లల ఆట బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. ప్రభుత్వం దగ్గర నమోదైన చేతివృత్తుల వారి బొమ్మలకు మినహాయింపు ఉంది. సంతలో బొమ్మ కొనేముందు గుర్తు అడగండి. అడగడం మీ హక్కు.

చిన్న కారు మనం చేసినా చేయకపోయినా, రంగు డబ్బా మన ఇంటికి వస్తుంది. పురుగు మందు డబ్బా వస్తుంది. మందు సీసా వస్తుంది. వాటి మీద ఉన్నది మన కోసం రాసినదే. మూత తీసే ముందు చదువుదాం.

కొత్త మాటలు

నమూనా, చట్రం, పూత, మందం, హెచ్చరిక, మినహాయింపు

లెక్క చేయండి

ఒక కారు పొడవు 432 సెంటీమీటర్లు. దానిలో 24వ వంతు ఎంత?

మాట్లాడుకోండి

1. ప్రైమర్ ఎందుకు వేస్తారు? కొండపల్లి బొమ్మకు దాని బదులు ఏం వేస్తారు?

2. మీ ఇంట్లో పేరు లేని సీసాలు ఏమైనా ఉన్నాయా? వాటిలో ఏముంది?

3. ఈ వారం ఒక డబ్బా మీది హెచ్చరిక చదవండి. మీ గుంపులో అందరికీ చెప్పండి.