నాయకుడంటే ఎవరు? – ఒక యుద్ధఖైదీ నేర్పిన పాఠం



నాయకుడు అనగానే మైకు ముందు నిలబడి ఆజ్ఞలిచ్చేవాడు మన కళ్ల ముందు మెదులుతాడు. మైకు లేకుండా, ఎదుట మనిషి కూడా లేకుండా, జైలు గదిలో ఒంటరిగా ఉంటూనే నాయకత్వం వహించిన ఒక అధికారి గురించి ఈ సంచికలో తెలుసుకుందాం.

ఆయన పేరు జేమ్స్ స్టాక్‌డేల్. అమెరికా నౌకాదళంలో పైలట్. 1965 సెప్టెంబర్ 9న ఉత్తర వియత్నాంలో ఆయన విమానం కూలింది. కాలు విరిగిన స్థితిలో పట్టుబడి, హనోయి నగరంలోని హోవా లో జైలుకు చేరాడు. ఏడేళ్లకు పైగా ఖైదు. అందులో నాలుగేళ్లు ఒంటరి గదిలోనే. ఆ యుద్ధంలో బాంబుల కింద నలిగిన వియత్నాం ప్రజల బాధ చిన్నది కాదు. అది వేరే పాఠం. ఆ జైలులో తోటివారిని ఈయన ఎలా నిలబెట్టాడన్నదే ఇక్కడ మన పాఠం.

ఖైదీలు ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. అందుకని గోడ మీద తట్టి మాట్లాడుకునేవారు. ఇంగ్లీషు అక్షరాల్లో 'కె' తీసేసి, మిగిలిన 25 అక్షరాలను ఐదు వరుసలుగా గుర్తుపెట్టుకున్నారు. మొదటి దెబ్బలు వరుసను, తర్వాతి దెబ్బలు ఆ వరుసలోని అక్షరాన్ని చెబుతాయి. రెండుసార్లు తట్టి, ఆగి, మూడుసార్లు తడితే 'హెచ్' అన్నమాట.

అప్పటి అమెరికా సైనిక నియమావళి ప్రకారం ఖైదీ తన పేరు, హోదా, సర్వీసు నంబరు, పుట్టినతేదీ మాత్రమే చెప్పాలి. కానీ చిత్రహింసల ముందు ఎంతటివారైనా లొంగిపోయారు. లొంగినవాడు 'నేను ద్రోహిని' అని కుమిలిపోయేవాడు.

అసలు ప్రమాదం ఈ సిగ్గులో, ఒంటరితనంలో ఉందని స్టాక్‌డేల్ గ్రహించాడు. అందుకే మనిషి పాటించగలిగిన నియమాలు పెట్టాడు. అందరి ముందు వంగి దండం పెట్టవద్దు. వారి తరఫున రేడియోలో మాట్లాడవద్దు. నేరాలు ఒప్పుకోవద్దు. విడుదలయ్యేటప్పుడు వారిని పొగడవద్దు. అన్నిటికన్నా ముఖ్యం, 'నేను' కన్నా 'మనం' గొప్ప. ఓర్చుకోగలిగినంత ఓర్చుకో, లొంగిపోతే మళ్లీ మొదటి నుంచి నిలబడు. ఏం చెప్పేశావో తోటివారికి దాచకుండా చెప్పు.

తాను పెట్టిన నియమం తానూ పాటించాడు. 1969లో తనను ప్రచార చిత్రంలో చూపిస్తారని తెలిసి, పనికిరాకుండా పోవాలని తన ముఖాన్ని తానే పీటతో గాయపరచుకున్నాడు. 1973లో 591 మంది అమెరికన్ ఖైదీలు స్వదేశానికి వెళ్లారు. వారిలో ఆయనా ఒకడు. 1976లో ఆయనకు ఆ దేశపు అత్యున్నత సైనిక పతకం లభించింది.

ఇది చదివినప్పుడు మాకు మా హాస్టల్ స్నేహితుడు గుర్తొచ్చాడు. పదో తరగతి అర్ధసంవత్సర పరీక్షల్లో మూడు సబ్జెక్టులు తప్పాడు. స్టడీ అవర్‌లో తల దించుకుని కూర్చునేవాడు. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లి మళ్లీ రాలేదు. మా చాపల పక్కనే అతని చాప. మధ్యలో గోడ కూడా లేదు. అయినా మేము ఒక్క మాట అడగలేదు.

ఈరోజు మా ఇళ్లలో మొదటి డిగ్రీ మాదే అని గర్వంగా చెప్పుకుంటున్నాం. ఆ వరుసలో అతని పేరు లేదు.

తమ్ముళ్లారా! మార్కులు తగ్గినవాడు మౌనంగా ఉంటే ఆ రాత్రే పక్కన కూర్చోండి. 'నాకూ తప్పాయిరా' అని ముందు మీరే చెప్పండి. దానికి లీడర్ పదవి అక్కర్లేదు.