బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి...

చెల్లీ, అమ్మాయి పురిటికి వెళ్లడం ఖాయమైంది కదా, ఇంకా ఆ దిగులేంటి? “పద్నాలుగు వేల కిలోమీటర్లట అక్కా, ఒక్కదాన్నే!” అంటున్నావు. నిజమే. బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఆకాశమార్గాన ఇంచుమించు 14,000 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలతలో మూడో వంతు దాటింది. అయినా విమానం ఎక్కేదానివి, నీకు కిలోమీటర్లతో పనేముంది? గంటలు చూసుకో. మధ్యలో ఆగకుండా వెళ్తే పదిహేడు గంటలు, కాస్త అటూ ఇటూ.

ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటుంది చూడు. ఈ ఊరి మీదా ఆ ఊరి మీదా దారం కొసలు పెట్టి బిగించి లాగు. దారం పైకి జరిగి సైబీరియా, అలాస్కాల మీదుగా పోతుంది. గుండ్రటి భూమ్మీద అదే దగ్గరి దారి. అయితే విమానాలు రోజూ ఆ గీత మీదే పోవు. పైన గాలులు పడమర నుంచి తూర్పుకి జోరుగా వీస్తాయి. అవి ఎటు కలిసొస్తే అటు దారి మార్చుకుంటాయి. అందుకే వెళ్లేటప్పటి గంటలు, వచ్చేటప్పటి గంటలు ఒకటి కావు.

నీ భయం పోయే సంగతి ఒకటి విను. 2021 జనవరి 9, శనివారం రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరిన ఎయిరిండియా విమానం ఉత్తర ధ్రువం మీదుగా వచ్చి, సోమవారం తెల్లవారకముందే బెంగళూరులో దిగింది. నడిపినవాళ్లంతా ఆడవాళ్లే! కెప్టెన్ జోయా అగర్వాల్, ఆమెతో పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనవారే, శివానీ మన్హాస్. అంత దూరం విమానాన్ని నడిపింది మన ఆడపిల్లలే తల్లీ, కూర్చుని వెళ్లడానికి నీకు భయమా?

శనివారం ఎక్కి సోమవారం దిగడమేమిటని కంగారు పడకు. చలికాలంలో మన గడియారం శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్లకంటే పదమూడున్నర గంటలు ముందుంటుంది, ఎండాకాలంలో పన్నెండున్నర. టికెట్ మీద ఎక్కే టైమూ దిగే టైమూ ఏ ఊరివి ఆ ఊరివే.

బీపీ మాత్రలు, డాక్టరు చీటీ చేతిసంచిలోనే ఉంచుకో. ఊరగాయ మాత్రం పెద్ద పెట్టెలో గట్టిగా కట్టి పెట్టు. అన్నేసి గంటలు కదలకుండా కూర్చుంటే కాళ్లు వాస్తాయి. నీళ్లు తాగుతూ, మధ్యమధ్య లేచి నాలుగడుగులు వెయ్యి. పక్కవాళ్లని లేపాలని మొహమాటపడతావని తెలుసు, అందుకే నడవా పక్క సీటు అడుగు.

అమ్మల్ని పిలిపించుకునే పిల్లలకీ ఒక మాట. మధ్యలో విమానం మారితే ప్రయాణం ఒక రోజు దాటిపోవచ్చు. భాష రాని చోట పరుగులు కూడా. కాస్త ఖర్చెక్కువైనా, దొరికితే ఆగకుండా వచ్చే విమానానికే టికెట్ తీయండి.