ఏది మేటి జట్టు?

ఫుట్‌బాల్ ఆటలో సర్వోత్తమమైన క్లబ్బు జట్టు ఏది యను వాదము పుట్టినపుడెల్ల పలువురు మొదట స్పెయిను దేశపు రియల్ మాడ్రిడ్ పేరు చెప్పుదురు. 1956 మొదలు 1960 వరకు ఆ జట్టు ఐరోపా కప్పును వరుసగా ఐదు మారులు గెలిచెను. 1960 మే 18వ తేదీన స్కాట్లండులోని గ్లాస్గో నగరమున, 1,20,000కు మించిన ప్రేక్షకుల యెదుట, జర్మనీకి చెందిన ఐన్‌ట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్ జట్టును 7-3 గోలులతో ఓడించెను. అందు నాలుగు గోలులు హంగేరీవాడగు పుష్కాష్ కొట్టినవి. మూడు అర్జెంటీనాలో జన్మించిన డి స్టెఫానోవి.

ఆ గ్లాస్గో నగరమే ఏడేండ్ల పిమ్మట ఈ వాదమునకు ఎదురుపక్షమును సమకూర్చినది. 1967 మే 25న లిస్బన్ నగరమున ఇటలీ జట్టగు ఇంటర్ మిలాన్‌తో తలపడిన సెల్టిక్ ఆటగాండ్రు పదునొకండుగురును గ్లాస్గోకు సుమారు 30 మైళ్ల లోపల పుట్టినవారే. వారి శిక్షకుడు జాక్ స్టీన్ పూర్వము బొగ్గుగనిలో పనిచేసినవాడు. ఏడవ నిమిషముననే ఇంటర్ పెనాల్టీ వలన గోలు సాధించి, ఆ పిమ్మట తన గోలును కాచుకొనుటయే పనిగా పెట్టుకొనెను. గోడ కట్టినట్లు నిలుచుటలో ఆ జట్టు పెట్టినది పేరు. ఐనను సెల్టిక్ వారు వెనుదీయక దాడి సాగించి 2-1తో గెలిచిరి.

సొంతయూరివారైనంతనే గొప్పవారగుదురా? కారు. కాని దేశదేశముల మేటి ఆటగాండ్రను కూర్చుకొని గెలుచుటకంటె, చేరువనున్న పిల్లలను తీర్చిదిద్ది గెలుచుట కష్టతరము. ఒక్క కప్పు ఐదింటికి సాటియగునా యని మాడ్రిడ్ పక్షమువారు ప్రశ్నింతురు. 1970లో సెల్టిక్ మరల తుదిపోటీకి వచ్చి, హాలండు జట్టగు ఫెయనూర్డ్ చేతిలో 2-1తో ఓడిన సంగతిని వారు మరువనీయరు.