సమను వస్తే భయమెందుకు?

"ఓడినవాడు కోర్టులో ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడు" అని సామెత. ఈ సామెత వింటూ పెరిగినవాళ్ళకు కోర్టు అంటే భయం. కోర్టు కాగితం అంటే ఇంకా భయం. ఆ భయంలో కొందరు కాగితం తీసుకోకుండా తలుపు వేసుకుంటారు. ఇంకొందరు తీసుకుని, చూరులో దోపి మరచిపోతారు. రెండు పనుల వల్లా నష్టమే.

కోర్టు కాగితానికి జవాబు ఉంటుంది. ఆ జవాబు ఎలా ఇవ్వాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

సమను అంటే ఏమిటి?

ఒకరు తమకు బాకీ రావాలని కోర్టులో దావా వేస్తారు. దావా వేసినవారు వాది. ఎవరి మీద వేశారో వారు ప్రతివాది. "నీ మీద దావా పడింది, వచ్చి నీ మాట చెప్పు" అని కోర్టు ప్రతివాదికి పంపే కాగితమే సమను. డబ్బు బాకీ దావాలో సమను వచ్చిందంటే పోలీసులు వస్తారని కాదు. జైలు అని కాదు. తప్పు చేశారని తేలినట్టు కూడా కాదు.

సమనులో ఇవి ఉంటాయి: కోర్టు పేరు, దావా నంబరు, వాది పేరు, ప్రతివాది పేరు, వాయిదా తేదీ. దావా నంబరుకు ముందు ఓ.ఎస్. అని ఉంటుంది. సమనుతోపాటు దావా నకలు కూడా ఇవ్వాలి. వాది ఏం రాశాడో ఆ నకలు చూస్తేనే తెలుస్తుంది. అది లేకపోతే అడగాలి.

తీసుకోకపోతే ఏమవుతుంది?

సమను తీసుకోకపోతే దావా ఆగదు. సమను తెచ్చిన మనిషి ఆ కాగితాన్ని ఇంటి తలుపుకు అంటించి వెళ్ళవచ్చు. "తీసుకోలేదు" అని కోర్టుకు రాసి ఇస్తాడు. అప్పుడు సమను అందినట్టే కోర్టు లెక్కవేయవచ్చు. ఇంట్లో ఆ మనిషి లేనప్పుడు ఇంటి పెద్దవాళ్ళలో ఎవరైనా తీసుకోవచ్చు. ఆడవాళ్ళు తీసుకున్నా చెల్లుతుంది.

వాయిదాకు ఎవరూ వెళ్ళకపోతే కోర్టు వాది మాట ఒక్కటే వింటుంది. ఎదుటివారు లేకుండానే తీర్పు ఇస్తుంది. దాన్ని ఎక్స్‌పార్టీ డిక్రీ అంటారు. వంద రూపాయల బాకీకి వెయ్యి అని దావా వేసినా, కాదనే మనిషి అక్కడ లేకపోతే ఆ వెయ్యికే డిక్రీ కావచ్చు.

రంగమ్మ సంగతి

ఒక ఊళ్ళో రంగమ్మ అనే ఆమె ఉందనుకుందాం. కూలి పని చేసుకుంటుంది. భర్త ఆసుపత్రి ఖర్చుకు 2023 జూన్ 10న ఊళ్ళోని వడ్డీ వ్యాపారి దగ్గర 20,000 రూపాయలు తెచ్చింది. నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ. అప్పటికి ఆమెకు చదువు రాదు. ప్రోనోటు మీద వేలిముద్ర వేసింది. నోటులో అంకె రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది.

2025లో ఆమె మీద దావా పడింది. జూలై 5న సమను వచ్చింది. అప్పటికి రంగమ్మ చదువుల కేంద్రంలో కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. దావా నకలు తీసి చూసింది. అసలు 50,000 అని ఉంది. రెండేళ్ళ వడ్డీ 24,000 అని ఉంది. మొత్తం 74,000. ఆమె గుండె దడదడలాడింది. పక్కింటి సుజాత దగ్గరికి పరుగెత్తింది.

"సుజాతా, నేను తెచ్చింది ఇరవై వేలే. యాభై అని రాసుకున్నాడు. ఆ వేలిముద్ర నాది కాదని చెప్పేస్తాను."

"వద్దు పిన్నీ. వేలిముద్ర నీదేగా?"

"నాదే."

"నీది కాదంటే నిపుణుల చేత పోల్చి చూపించమంటారు. నీదే అని తేలుతుంది. అప్పుడు నువ్వు చెప్పే నిజం కూడా ఎవరూ నమ్మరు."

"మరేం చెయ్యను?"

"జరిగింది జరిగినట్టు చెప్పు. వేలిముద్ర నాదే, ముట్టింది ఇరవై వేలే, కొంత కట్టాను అని చెప్పు. ఎంత కట్టావో, ఎప్పుడు కట్టావో లెక్క తియ్యి."

సుజాత చెప్పింది సరైన మాట. ప్రోనోటు మీద వేలిముద్ర తనదే అని ఒప్పుకుంటే, అందులో రాసిన డబ్బు ముట్టిందని కోర్టు మొదట అనుకుంటుంది. కాదని చూపించాల్సిన భారం ప్రతివాది మీద పడుతుంది. ఖాళీ నోటు మీద వేలిముద్ర వేసి ఇవ్వడం అందుకే ప్రమాదం. నోటు పట్టుకున్నవాడు ఆ ఖాళీ నింపుకోవచ్చు. అయినా ముట్టింది తక్కువ అని సాక్ష్యంతో చూపిస్తే కోర్టు వింటుంది.

లెక్క చూడండి

రంగమ్మ ఒక ఏడాది తర్వాత, 2024 జూన్‌లో, 10,800 రూపాయలు కట్టింది. అందులో 4,800 చేతికి ఇచ్చింది. మిగతా 6,000 కొడుకు ఫోను నుంచి పంపాడు.

మొదటి ఏడాది: అసలు 20,000. నెలకు వడ్డీ 400. ఏడాదికి 4,800. ఆమె కట్టిన 10,800లో వడ్డీ కింద 4,800 పోతుంది. మిగిలిన 6,000 అసలులో తగ్గుతుంది. అసలు 14,000 మిగిలింది.

రెండో ఏడాది: అసలు 14,000. నెలకు వడ్డీ 280. ఏడాదికి 3,360. రెండూ కలిపితే 17,360.

రంగమ్మ నిజంగా బాకీ 17,360. దావాలో అడిగింది 74,000. తేడా 56,640 రూపాయలు. వాయిదాకు వెళ్ళకపోతే ఈ తేడా అంతా ఆమె నెత్తిన పడేది.

జవాబు ఎలా ఇవ్వాలి?

సమను అందిన రోజు నుంచి 30 రోజుల్లో కోర్టుకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. రంగమ్మకు జూలై 5న అందింది. కనుక ఆగస్టు 4 లోపు ఇవ్వాలి. తగిన కారణం చూపిస్తే కోర్టు ఇంకా గడువు ఇవ్వవచ్చు. అదీ 90 రోజుల దాకానే. సమను అందిన తేదీని ఆ కాగితం మీదే రాసి పెట్టుకోవాలి.

దావాలో ఒక్కో మాటకు ఒక్కో నంబరు ఉంటుంది. జవాబులో కూడా ఒక్కో నంబరుకు విడివిడిగా చెప్పాలి. ఏది నిజం, ఏది కాదు, ఎందుకు కాదు అని చెప్పాలి. "అంతా అబద్ధం" అని ఒక్క మాటలో తేల్చకూడదు. కాదని చెప్పకుండా వదిలేసిన మాటను ఒప్పుకున్నట్టే కోర్టు అనుకోవచ్చు.

జవాబుతోపాటు తన దగ్గరున్న కాగితాలు ఇవ్వాలి. రంగమ్మ ఇల్లంతా వెతికింది. ఆసుపత్రి బిల్లు దొరికింది. కొడుకు ఫోనులో 6,000 పంపిన తేదీ, పేరు ఉన్నాయి. బ్యాంకులో ఆ లెక్క కాగితం మీద తీసి ఇచ్చారు. 4,800 ముట్టినట్టు వ్యాపారి రాసిచ్చిన చీటీ ట్రంకుపెట్టెలో ఉంది. డబ్బు ఇచ్చేటప్పుడు చూసిన పొరుగామె సాక్ష్యం చెబుతానంది.

నోటుకు మూడేళ్ళు

అడిగినప్పుడు ఇస్తానని రాసిన ప్రోనోటు మీద మూడేళ్ళలో దావా వేయాలి. 2023 జూన్ 10న రాసిన నోటు అయితే 2026 జూన్ 10 దాకా గడువు. ఆ తర్వాత వేస్తే కాలం చెల్లిన దావా అవుతుంది. ఆ సంగతి జవాబులో తప్పక రాయాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. గడువు లోపల కొంత డబ్బు కట్టి, నోటు వెనక చెల్లు రాసి, బాకీదారు సంతకమో వేలిముద్రో వేస్తే, ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు మొదలవుతాయి. "వంద రూపాయలు కట్టి ఇక్కడ వేలు వెయ్యి" అని అడిగేది ఒక్కోసారి అందుకే. కనుక నోటు నకలు తీసుకుని ముందు వైపూ చూడాలి, వెనక వైపూ చూడాలి. వెనక ఉన్న చెల్లు తాను వేసింది కాకపోతే ఆ మాట జవాబులో చెప్పాలి.

లాయరుకు డబ్బెక్కడిది?

ఈ ప్రశ్న దగ్గరే చాలామంది ఆడవాళ్ళు ఆగిపోతారు. దీనికి చట్టంలో దారి ఉంది. 1987లో న్యాయ సేవల చట్టం చేశారు. అది 1995 నవంబరు 9 నుంచి అమలులోకి వచ్చింది. ఆ చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఉచితంగా లాయరును ఇస్తారు. ఆదాయం ఎంత అని చూడరు. పేదరాలని కాగితం తేనక్కరలేదు.

జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. కింది కోర్టుల దగ్గర దాని కమిటీలు ఉంటాయి. అక్కడ దరఖాస్తు ఇవ్వాలి. రాయడం కష్టమైతే నోటితో చెప్పినా వాళ్ళే రాసుకుంటారు. 15100 నంబరుకు ఫోను చేసి కూడా అడగవచ్చు. లాయరు ఇచ్చే వకాల్తా మీద సంతకం పెట్టే ముందు దానిలో దావా నంబరు, పేరు సరిగా ఉన్నాయో లేదో చదువుకోవాలి.

అప్పుడే డిక్రీ అయిపోతే?

అప్పుడు కూడా దారి ఉంది. సమను సరిగా అందలేదనో, రాలేకపోయిన కారణం ఇదనో చూపించి, ఎక్స్‌పార్టీ డిక్రీ రద్దు చేయమని అదే కోర్టును అడగవచ్చు. డిక్రీ అయిన 30 రోజుల్లో అడగాలి. సమను అసలు అందకపోతే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజులు. ఆలస్యమైతే దానికి కారణం చెప్పుకోవాలి.

బాకీ నిజమే అయి డిక్రీ అయినా కొన్ని రక్షణలు ఉన్నాయి.

డబ్బు బాకీ డిక్రీ కోసం ఆడవాళ్ళను అరెస్టు చేయకూడదు.

కట్టుబట్టలు, వంటపాత్రలు, పక్కబట్టలు జప్తు చేయకూడదు. మతాచారం ప్రకారం ఆడది ఒంటి మీద నుంచి తీయకూడని నగను ముట్టకూడదు. మంగళసూత్రం అలాంటిదే.

చేతిపనివాళ్ళ పనిముట్లు జప్తు చేయకూడదు. కూలివాళ్ళ కూలి డబ్బు జప్తు చేయకూడదు. రైతులు, కూలీలు తాముండే సొంత ఇంటిని జప్తు చేయకూడదు. ఇల్లు తాకట్టు పెట్టి ఉంటే మాత్రం సంగతి వేరు.

ఒక్కసారిగా కట్టలేనప్పుడు వాయిదాల మీద కడతానని తీర్పుకు ముందే కోర్టును కోరవచ్చు.

రాజీ కుదిరితే

దావా నడుస్తుండగా లోక్ అదాలత్‌లో రాజీ పడవచ్చు. అక్కడ ఫీజు లేదు. రాజీ పడమని ఎవరూ బలవంతం చేయకూడదు. కానీ ఒకసారి రాజీ అయితే అది కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు ఉండదు. కనుక సంతకానికి ముందే ఆలోచించుకోవాలి.

రంగమ్మ జవాబు ఇచ్చాక వ్యాపారి మెత్తబడ్డాడు. చీటీ అతని రాతే. బ్యాంకు లెక్కలో అతని పేరే ఉంది. లోక్ అదాలత్‌లో 18,000కు రాజీ కుదిరింది. నెలకు 3,000 చొప్పున ఆరు వాయిదాలు. రాజీ కాగితం ఇచ్చి వేలు వెయ్యమన్నారు. రంగమ్మ కాగితం దగ్గరికి లాక్కుని అంకెలు చదివింది. ఆరు తేదీలూ చదివింది. తర్వాత పేరు రాసింది. నకలు అడిగి తీసుకుంది. ఒక్కో నెలా కట్టినప్పుడు రసీదు తీసుకుని ఆ నకలుతో కలిపి దాచింది.

కొత్త మాటలు

సమను: కోర్టుకు రమ్మని పంపే కాగితం
వాది: దావా వేసినవారు
ప్రతివాది: దావా ఎవరి మీద వేశారో వారు
వాయిదా: కోర్టుకు హాజరు కావలసిన రోజు, బాకీలో ఒక విడత
డిక్రీ: కోర్టు తీర్పు ప్రకారం ఇచ్చే ఉత్తర్వు
చెల్లు: కొంత బాకీ ముట్టినట్టు నోటు మీద రాసే రాత
వకాల్తా: తన తరఫున మాట్లాడమని లాయరుకు ఇచ్చే కాగితం

గుర్తుంచుకోండి

సమను తీసుకోవాలి. తేదీ రాసుకోవాలి.
30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.
ఖాళీ నోటు మీద సంతకం పెట్టకూడదు, వేలిముద్ర వేయకూడదు.
డబ్బు కట్టిన ప్రతిసారీ రసీదు తీసుకోవాలి.
ఉచిత లాయరు కోసం ఫోను 15100.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. వేలిముద్ర తనది కాదని రంగమ్మ చెప్పి ఉంటే ఏమయ్యేది?
2. సమను తీసుకోకపోతే దావా ఎందుకు ఆగదు?
3. మీ ఊళ్ళో అప్పు తీసుకునేటప్పుడు నోటు ఎవరు రాస్తారు? రాసింది చదివి వినిపిస్తారా?

చేయండి

1. ఒకామె 10,000 రూపాయలు అప్పు తెచ్చింది. నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ. ఏడాదికి వడ్డీ ఎంత? ఏడాది చివర 5,400 కడితే అసలు ఎంత మిగులుతుంది?
2. మీ ఇంట్లో ఉన్న అప్పు కాగితాలు, రసీదులు ఒకచోట చేర్చండి. ఒక్కోదాని మీద తేదీ, మొత్తం చదివి నోటుబుక్కులో రాయండి.
3. మీకు దగ్గరి కోర్టు ఏ ఊళ్ళో ఉందో కనుక్కుని ఇక్కడ రాయండి: ........................