వ్రేలికొనపై వెలుగు - నాడీ స్పందనము

2021లో కరోనా రెండవమారు విజృంభించిన నాటినుండి అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో అనేక గృహములందు థర్మామీటరు ప్రక్కన పల్స్ ఆక్సీమీటరు కూడ చేరినది. అది చూపు అంకెకు సంతసించువారును, భయపడువారును కలరు గాని, ఆ అంకె ఎట్లు పుట్టుచున్నదో విచారించువారు అరుదు.

చీకటిలో టార్చిలైటుపై అరచేతిని మూసి చూడుడు. వ్రేళ్ల అంచులు ఎర్రగా వెలుగును. మాంసము గుండ కాంతి కొంత ప్రసరించుననుటకు అదియే నిదర్శనము. గుండె ముడుచుకొనినప్పుడెల్ల వ్రేలికొనలోనికి రక్తము కొంచెము అధికముగా చేరి, ఆ క్షణమున వెలుగును మరికొంత హరించును. రక్తము తగ్గగానే వెలుగు పెరుగును. కంటికి అందని ఈ హెచ్చుతగ్గులను పరికరము లెక్కించి నాడీవేగమును చూపును. ఇక ప్రాణవాయువు సంగతి. పరికరములో ఎర్రని కాంతియు, కంటికి కనబడని పరారుణ కాంతియు కలవు. ప్రాణవాయువుతో కూడిన రక్తము ఎరుపును తక్కువగాను, పరారుణమును ఎక్కువగాను గ్రహించును. ప్రాణవాయువు లేని రక్తమున ఇది తారుమారగును. ఈ భేదమునుబట్టియే శాతము తేలును. జపాను దేశీయుడగు తకువో అయొయాగి, గుండె పంపు రక్తమును వెలుగుతో కొలువబోగా నాడీస్పందనము అడ్డుతగిలెను. ఆ అడ్డంకినే ఆధారముగా చేసికొని ఆయన 1974లో ఈ సూత్రమును వెల్లడించెను. నాడిని నమ్ముకొనిన మాబోటివారికి ఈ కథ మిక్కిలి ప్రీతికరము.

శార్ఙ్గధరుడు అంగుష్ఠమూలమునందలి నాడిని జీవసాక్షిణి యనెను. వాతనాడి పాము, జలగల వలెను, పిత్తనాడి కాకి, కప్పల వలెను, కఫనాడి హంస, పావురముల వలెను నడచునని చెప్పెను. మూడు వ్రేళ్లకు తెలియు ఈ గతిభేదము పరికరమునకు తెలియదు. అయితే ప్రాణవాయువు శాతము మూడు వ్రేళ్లకును తెలియదు. గురుకులమున నాడి నేర్చినవాడనైనను ఈ మాట నిస్సంకోచముగా చెప్పుచున్నాను.

పరీక్షకు ముందు ఐదు నిమిషములు కదలక కూర్చుండవలెను. చేయి చల్లగానున్నచో రుద్ది వెచ్చజేయవలెను. గోళ్ల రంగును, నల్లని హెన్నాను తొలగించవలెను. తొలగనిచో వేరొక వ్రేలికి తగిలించవలెను. అరుగుమీద ఎండలో చూచుట తగదు, బయటి వెలుగు లోపలి వెలుగును చెరచును. అంకె నిలకడ చెందువరకు అర నిమిషమైనను వేచియుండవలెను. ఇంకొక జాగ్రత్త గలదు. నల్లని మేనిఛాయ గలవారిలో ఈ పరికరము ఉన్నదానికంటె ఎక్కువ శాతము చూపు అవకాశము హెచ్చని 2020లో అమెరికాలో ప్రచురితమైన పరిశీలన తెలిపినది. కావున అంకె బాగున్నదని ఆయాసమును ఉపేక్షింపరాదు.

పెద్దలలో విశ్రాంతివేళ నాడి నిమిషమునకు 60 నుండి 100 వరకు ఉండును. ఆగి ఆగి నడచు నాడిని శార్ఙ్గధరుడు ప్రాణహారిణిగా గణించెను. అంకె క్షణక్షణము మారుచున్నచో మణికట్టువద్ద మీరే ఒక నిమిషము నాడిని ఎంచి చూడుడు. లయ తప్పుచున్నచో ఇ.సి.జి. తీయించుకొనవలెను. ఆరోగ్యవంతునకు ప్రాణవాయువు శాతము 94కు లోపడినచో వైద్యుని సంప్రదించవలెను. 90కి లోపడినచో, లేదా ఛాతినొప్పి, పెదవుల నీలిమ, మాట తడబాటు ఉన్నచో, కషాయముల జోలికి పోక వెంటనే ఆసుపత్రికి తరలించవలెను. పడవ దాటవలసిన లంకగ్రామములవారు చీకటి పడువరకు చూచుచు కూర్చుండక, వెలుతురుండగనే బయలుదేరవలెను.